అంపైరు పక్షాన ఎవరున్నారు?

ఇటీవల ఒక వలీమా విందులో భోజనాలు ముగిసి అందరూ లేస్తున్న సమయంలో, మాకు దూరపు బంధువైన ఒక తల్లి పక్కకు పిలిచి తన మనసులోని బాధ చెప్పుకున్నారు. ఆమె కుమారుడు డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాడు. ఆదివారాల్లో, పండుగ సెలవుల్లో చుట్టుపక్కల ఊళ్ళలో జరిగే టెన్నిస్ బంతి క్రికెట్ టోర్నమెంట్లకు అంపైరుగా వెళుతుంటాడు. రోజంతా ఎండలో నిలబడితే మూడు వందలో నాలుగు వందలో చేతిలో పెడతారు. మధ్యాహ్నం బిర్యానీ పొట్లం ఇస్తారు. అంతకు మించి అందులో వచ్చేదేమీ లేదు.

ఆ నెలలోనే ఒక మ్యాచ్ చివరి ఓవర్లో అతను ఒక రనౌట్ ఇచ్చాడు. ఓడిపోయిన జట్టువారు పదిమంది చుట్టుముట్టారు. ఒకడు కాలరు పట్టుకున్నాడు, ఇంకొకడు స్టంపు పీకి చేతిలోకి తీసుకున్నాడు. ఎవరో పెద్దమనిషి అడ్డుపడి బైకు ఎక్కించి పంపేశాడట. కుర్రాడు ఇంటికొచ్చి ఏమీ చెప్పలేదు. చిరిగిన చొక్కాను మాసిన బట్టల అడుగున దాచాడు. బట్టలు ఉతకబోయిన తల్లికి అది దొరికింది.

ఆమె భర్త కోపంతో, "ఆ మూడొందల కోసమా ప్రాణం మీదికి తెచ్చుకునేది?" అన్నారట. దానికి కొడుకు, "మూడొందల కోసం కాదు అబ్బా. నేను వెళ్ళకపోతే బ్యాటింగు చేసే టీమువాడే ఒకడు వచ్చి నిలబడతాడు. ఇక ఆ ఆట ఆడటమెందుకు?" అని జవాబిచ్చాడట. ఇదంతా చెప్పి ఆ తల్లి మమ్మల్ని అడిగారు: "భాయీసాబ్, వాడు చేసేది మంచిపనా, మొండితనమా? మానుకోమని చెప్పమంటారా?"

"మానిపించేయండి ఆపా" అని వెంటనే అనేశాము. ఇంటికి తిరిగొస్తుంటే దారి పొడుగునా ఆ జవాబు మమ్మల్ని కలవరపెట్టింది. మాకు మా సొంత సంగతి ఒకటి గుర్తుకొచ్చింది. కొన్నేళ్ళ క్రితం మా వీధి కుర్రాళ్ళ మ్యాచ్ చూడటానికి వెళ్ళి, గీత అవతల నిలబడి, నచ్చని ఒక నిర్ణయానికి "కొనేశార్రా వాణ్ణి!" అని మేమూ గొంతెత్తి అరిచాము. పక్కనున్నవారు నవ్వారు. ఆ అంపైరు ఎవరో మాకు తెలియదు. అతను డబ్బు తీసుకున్నాడనడానికి మా దగ్గర ఏ ఆధారమూ లేదు. ముస్లిం అన్నవాడు ఒక మనిషి మీద ఆధారం లేకుండా లంచం నిందను నలుగురిలో వేస్తే దానిని ఏమంటారో మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. దాన్ని అభాండం అంటారు. కాని మైదానం బయట నిలబడి వేసిన అభాండం మాకు ఆరోజు అభాండంలా అనిపించలేదు, ఆటలో భాగమనిపించింది.

కనుక ఆ తల్లి అడిగిన ప్రశ్న ఆ కుర్రాడి ఒక్కడిదే కాదని గ్రహించాము. అతను వెళ్ళాలా మానాలా అన్నది ఒక ప్రశ్న. అతను భయపడవలసిన పరిస్థితిని తెచ్చిపెట్టింది ఎవరన్నది రెండో ప్రశ్న. మొదటిదానికి తొందరగా జవాబిచ్చేసి రెండోదాని నుంచి తప్పించుకోవడం మాకు అలవాటైపోయింది.

"ఆటే కదా, దీనికి ఇంత చర్చ ఎందుకు?" అని కొందరు పాఠకులు అనవచ్చు. ఆటను ఇస్లాం అల్పవిషయంగా చూడలేదు. మహాప్రవక్త (స) మదీనాలో గుర్రపు పందాలు జరిపించిన విషయం హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖనంలో, బుఖారీ గ్రంథంలో ఉంది. అందులో ఒక వివరం గమనార్హం. పందానికి తర్ఫీదు ఇచ్చిన గుర్రాలకు ఒక దూరం, తర్ఫీదు లేని గుర్రాలకు అంతకంటే తక్కువ దూరం వేరుగా నిర్ణయించారు. అంటే పోటీ న్యాయంగా ఉండాలన్న పట్టింపు ఆనాడే ఉంది. బుఖారీలోనే మరో సంఘటన ఉంది. దైవప్రవక్త (స) వారికి అద్‌బా అనే ఆడ ఒంటె ఉండేది. దానిని ఎవరి ఒంటె కూడా దాటలేకపోయేది. ఒకసారి ఒక పల్లెవాసి తన ఒంటె మీద వచ్చి దానిని దాటేశాడు. సహచరులకు అది చాలా కష్టంగా తోచింది. దైవప్రవక్త (స) మాత్రం, ఈ లోకంలో ఏది పైకి లేచినా దానిని కిందికి దించడం అల్లాహ్ నియమమే అన్న భావంలో వారిని ఓదార్చారు. ఆ పల్లెవాసిని ఎవరూ ఏమీ అనలేదు. ప్రవక్త వారి ఒంటెనే ఓడించినవాడు క్షేమంగా ఇంటికి వెళ్ళాడు! ఇక మన వీధి జట్టు ఓడిపోతే తీర్పు చెప్పినవాడు క్షేమంగా ఇంటికి వెళ్ళలేకపోతే ఎలా?

అసలు అంపైరు లేదా రిఫరీ అంటే ఎవరు? ఆ రెండు మూడు గంటలపాటు తన ఊరిని, తన వీధిని, తన స్నేహితులను పక్కన పెట్టడానికి ఒప్పుకున్నవాడు. మిగిలిన ఇరవై రెండు మందీ, చూడ్డానికి వచ్చిన వందల మందీ ఏదో ఒక పక్షం వహించి ఉంటారు. అతను ఒక్కడే ఏ పక్షమూ లేకుండా ఉండాలి. 'మనవాడు' అన్న మాటను తన నోటి నుంచి కాసేపు తీసేయడం ఎంత కష్టమో ప్రయత్నించినవారికే తెలుస్తుంది. 'మనవాడు' అన్న ఈ మాట దగ్గరే అసలు చిక్కు ఉంది. అరబ్బులలో దీనిని అసబియ్యత్ అనేవారు. తన జాతివారిని ప్రేమించడం అసబియ్యత్ అవుతుందా అని దైవప్రవక్త (స) వారిని అడిగినప్పుడు, కాదని, అన్యాయంలో తనవారికి తోడ్పడటమే అసబియ్యత్ అని వివరించినట్లు హదీసు గ్రంథాల్లో ఉంది. మన జట్టును అభిమానించడంలో తప్పు లేదు. మన జట్టువాడు అంపైరు కాలరు పట్టుకున్నప్పుడు అతని పక్కన నిలబడటంలో తప్పు ఉంది.

ఈ పక్షపాతం ఎంతదూరం పోగలదో చెప్పడానికి ఒక సంఘటనను కాస్త వివరంగా చూద్దాము. అది 2012 డిసెంబరు 2. నెదర్లాండ్స్‌లోని అల్‌మేర పట్టణంలో పదిహేను, పదహారేళ్ళ పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్. ఆ దేశంలో ఔత్సాహిక ఆటల్లో గీత పక్కన జెండా పట్టుకునే బాధ్యతను సాధారణంగా క్లబ్బువారే, చాలాసార్లు పిల్లల తండ్రులే, జీతం లేకుండా నిర్వహిస్తారు. ఆరోజు జెండా పట్టుకున్నది 41 ఏళ్ళ ఒక తండ్రి. ఆయన కుమారుడు అదే జట్టులో ఆడుతున్నాడు. మ్యాచ్ ముగిశాక ఎదుటి జట్టు కుర్రాళ్ళు కొందరు ఆయనను కింద పడేసి తన్నారు. ఆయన లేచి ఇంటికి వెళ్ళి కాసేపు పడుకున్నారు. తర్వాత మరో మ్యాచ్ చూడటానికి మళ్ళీ మైదానానికి వచ్చి అక్కడే కుప్పకూలారు. మర్నాడు ఆసుపత్రిలో చనిపోయారు. ఆ తరువాతి శని, ఆదివారాల్లో ఆ దేశమంతటా ఔత్సాహిక ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఆపేశారు. అల్‌మేర వీధుల్లో వేలాదిమంది మౌనంగా నడిచారు. 2013 జూన్‌లో కోర్టు ఆరుగురు కుర్రాళ్ళను, వారితోపాటు ఒక కుర్రాడి తండ్రిని దోషులుగా తేల్చింది. కుర్రాళ్ళకు పడిన శిక్ష గరిష్ఠంగా రెండేళ్ళు. ఆ తండ్రికి ఆరేళ్ళు.

ఆ తండ్రి గురించి ఒక్కసారి ఆలోచించండి. మైదానంలోకి పరుగెత్తిన పెద్దవాడు ఆయన. వెళ్ళి పిల్లలను వెనక్కి లాగి ఉంటే ఒక ప్రాణం మిగిలి ఉండేదేమో, ఏడు కుటుంబాలు మిగిలి ఉండేవేమో. అణచివేసేవాడైనా అణచివేయబడినవాడైనా నీ సోదరునికి సహాయం చేయమని దైవప్రవక్త (స) బోధించినప్పుడు, అణచివేసేవానికి సహాయం చేయడం ఎలా అని సహచరులు ఆశ్చర్యపోయి అడిగారు. అతని చెయ్యి పట్టుకుని ఆపడమే అతనికి చేసే సహాయమన్నది వారికి లభించిన సమాధానం. ఆరోజు తన కొడుక్కి ఆ తండ్రి చేయవలసిన సహాయం అదే.

ఇక్కడ చెప్పడానికి మాకు మనస్కరించని సంగతి ఒకటుంది. చెప్పకుండా దాటవేస్తే ఈ వ్యాసం రాయడానికి మాకు అర్హత ఉండదు. దోషులైన కుర్రాళ్ళలో పలువురు మొరాకో మూలాలున్న కుటుంబాలవారు. అక్కడి ఒక రాజకీయ నాయకుడు వెంటనే ఇది మొరాకోవారి సమస్య అని ప్రకటించాడు. అది అన్యాయం. కొందరి నేరాన్ని ఒక సమాజం మొత్తానికి అంటగట్టడాన్ని మనం మన దేశంలో కూడా చూస్తూనే ఉన్నాము. కాని ఆ అన్యాయాన్ని ఖండించే ఉత్సాహంలో మనం రెండో తప్పు చేయకూడదు. 'మనవాళ్ళను ఇరికించారు', 'వాడు రెచ్చగొట్టి ఉంటాడు' అనే మాటలు మన నాలుక చివర సిద్ధంగా ఉంటాయి. న్యాయం కోసం స్థిరంగా నిలబడాలని, సాక్ష్యం స్వయంగా మనకు, మన తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగా పోయినా సరే చెప్పాలని అన్‌నిసా సూరా 135వ ఆయతు మనకు ఆజ్ఞాపిస్తోంది. ఈ ఆయతును మనం ఖుత్బాలలో ఎన్నోసార్లు విన్నాము. దానిని ఆచరించే అవకాశం ఎప్పుడో కోర్టులో వస్తుందని అనుకుంటాము. ఆదివారం సాయంత్రం మైదానంలో, "మనవాడు క్రీజులోకి రాలేదు, అంపైరు చెప్పింది నిజమే" అని మన జట్టు ముందే అనవలసి వచ్చినప్పుడు కూడా ఆ ఆయతు మన ఎదుట నిలబడి ఉంటుంది.

అల్‌మేర ఘటన ఒక్కటే అయితే దానిని విషాదమని వదిలేయవచ్చు. 2013 ఏప్రిల్‌లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో కుర్రాళ్ళ ఫుట్‌బాల్ లీగులో 46 ఏళ్ళ రిఫరీ పసుపు కార్డు చూపించినందుకు 17 ఏళ్ళ ఆటగాడు తలపై ఒక్క గుద్దు గుద్దాడు. మొదట పెద్ద గాయంగా కనిపించలేదు. వారం రోజుల తర్వాత రిఫరీ చనిపోయాడు. మన పొరుగున ఒడిశాలో, కటక్ జిల్లాలోని ఒక గ్రామంలో 2023 ఏప్రిల్ 2న రెండు ఊళ్ళ జట్ల మధ్య క్రికెట్ మ్యాచ్‌లో నిర్ణయం మీద తగాదా వచ్చి 22 ఏళ్ళ అంపైరును కత్తితో పొడిచి చంపారు. అదే సంవత్సరం డిసెంబరు 11న టర్కీ రాజధాని అంకారాలో, అక్కడి అత్యున్నత ఫుట్‌బాల్ లీగులో, ఒక క్లబ్బు అధ్యక్షుడే మైదానంలోకి వచ్చి రిఫరీ ముఖం మీద గుద్దాడు. కింద పడ్డ రిఫరీని మరికొందరు తన్నారు. ఆ దేశంలో లీగులన్నీ కొన్ని రోజులు నిలిచిపోయాయి. ఇది ఏ ఒక్క జాతికో మతానికో పేదరికానికో పరిమితమైన జబ్బు కాదు. అమెరికాలో 2017లో 17,000 మందికి పైగా క్రీడా అధికారులను అడిగి చేసిన సర్వేలో పురుషులలో దాదాపు సగం మంది ఏదో ఒక సందర్భంలో తమ భద్రత గురించి భయపడ్డామని చెప్పారు.

ఈ కోపం ఎక్కడ పుడుతుంది? ఓటమి బాధ ఒక్కటే కారణం కాదు. మన ఊరి మైదానాన్నే చూడండి. చాలా టోర్నమెంట్లలో బ్యాటింగు చేస్తున్న జట్టువాడే అంపైరుగా నిలబడతాడు. అతను నిజాయితీగా నిర్ణయం ఇచ్చినా ఎదుటివారు నమ్మరు, అవుట్ ఇస్తే సొంతవారు క్షమించరు. ఆ స్థానమే అనుమానంతో కట్టినది. ఈ చిక్కును పెద్ద క్రికెట్ కూడా చాలాకాలం మోసింది. ఒకప్పుడు టెస్టు మ్యాచ్‌లకు ఆతిథ్య దేశపు అంపైర్లే ఉండేవారు, ప్రతి సిరీస్‌లోనూ నిందలే. 1986 నవంబరులో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్‌ల మధ్య టెస్టుకు మొదటిసారిగా మూడో దేశపు అంపైర్లను పిలిచారు. వారిద్దరూ భారతీయులు. ఒకరు మన హైదరాబాద్‌కు చెందిన వి.కె. రామస్వామి, మరొకరు పీలూ రిపోర్టర్. పాకిస్తాన్ గడ్డ మీద, పాకిస్తాన్ ఆడే మ్యాచ్‌లో, పాకిస్తాన్ కెప్టెన్ ఇమ్రాన్ ఖాన్ భారతీయులను అంపైర్లుగా కోరుకున్నారన్నది మేము చాలాసార్లు తలచుకునే విషయం. ఎదుటివాడి పట్ల శత్రుత్వం మనల్ని న్యాయం నుంచి తప్పించకూడదని ఖుర్ఆన్ అల్‌మాయిదా సూరాలో హెచ్చరిస్తుంది. ఎదుటివాడు కూడా న్యాయం చేయగలడని నమ్మడం దానికి రెండో అంచు. రెండు దేశాలు చేయగలిగిన పని రెండు ఊళ్ళు చేయలేవా? పక్క మండలం నుంచి ఇద్దరు కుర్రాళ్ళను పిలిపించి, దారి ఖర్చు ఇస్తే సగం తగాదాలు మొదలవకముందే పోతాయి.

రెండో కారణం డబ్బు. ఒక్కో జట్టు దగ్గర వెయ్యి, రెండు వేలు ప్రవేశ రుసుము వసూలు చేసి దానినే గెలిచినవారికి బహుమతిగా ఇచ్చే పద్ధతి మన పల్లెల్లో, బస్తీల్లో సాధారణమైపోయింది. దీనిని ఎందరో ధర్మవేత్తలు జూదం కిందనే లెక్కిస్తారు. ఆ చర్చ ఈ వ్యాసంలో చేయబోము. ఇక్కడ చెప్పదలచింది ఒక్కటే: అందరి డబ్బు ఒకే కుప్పగా పోసి, దాని మీద ఒక ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి కాపలా పెట్టి, చివరి బంతికి అతను చెయ్యి ఎత్తితే అది ఎవరి జేబులోకి పోతుందో నిర్ణయమయ్యేలా చేస్తున్నాము. పైగా గీత అవతల పందెం కాసేవారు వేరు. అక్కడ అంపైరు ఆటకు న్యాయమూర్తిగా మిగలడు, లెక్క తేల్చే మనిషి అవుతాడు. అలాంటి టోర్నమెంటుకు మన పిల్లవాడు ఆటగాడిగా వెళ్ళినా అంపైరుగా వెళ్ళినా ఆపవలసిందే.

మూడో కారణం మేమే, మీరే. పిల్లలు అంపైరును తిట్టడం ఎక్కడ నేర్చుకుంటారు? టీవీ ముందు మన పక్కన కూర్చుని నేర్చుకుంటారు. రంజాన్ రాత్రుల్లో తరావీహ్ తర్వాత బస్తీలో లైట్లు కట్టి ఆడే ఆటల్లో చుట్టూ నిలబడ్డ పెద్దల నోటి నుంచి నేర్చుకుంటారు. పగలంతా ఉపవాసం పాటించిన నోరు రాత్రికి అంపైరు తల్లిని తిట్టడం మేము మా చెవులతో విన్నాము. విని ఊరుకున్నాము.

ఇక ఆ కుర్రాడి సంగతికి వద్దాము. మన చేతులతో మనల్ని వినాశనంలోకి తోసుకోకూడదన్నది ఖుర్ఆన్ బోధనే. ఒంటెను కట్టకుండా అల్లాహ్ మీద భారం వేయనా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టి తర్వాత భారం వేయమని దైవప్రవక్త (స) చెప్పినట్లు తిర్మిజీలో ఉంది. అంపైరింగు చేసేవాడు కట్టవలసిన తాళ్ళు కొన్ని ఉన్నాయి. ఒంటరిగా ఎప్పుడూ వెళ్ళకూడదు, ఇద్దరు అంపైర్లు ఉంటేనే ఒప్పుకోవాలి. నిర్వాహకులలో బాధ్యుడెవరో, గొడవైతే ఎవరు ముందుకొస్తారో ముందే పేరుతో సహా అడిగి తెలుసుకోవాలి. ఆ మనిషి అంపైర్లు బయలుదేరేదాకా మైదానంలో ఉండాలి. బైకును జనం మధ్య కాకుండా రోడ్డు వైపు తిప్పి నిలపాలి. టాస్‌కు ముందు ఇద్దరు కెప్టెన్లను పిలిచి వైడ్ గీత ఎక్కడ, నోబాల్ ఎత్తు ఎంత, ఎవరు మాట్లాడవచ్చు అన్నది అందరూ వినేలా చెప్పాలి. కెప్టెన్ తప్ప ఇంకెవరూ నిర్ణయం గురించి అడగరాదన్న ఒక్క నియమం చాలా గొడవలను ఆపుతుంది. ఫుట్‌బాల్‌లో 2024 యూరో కప్పులో ఇదే పద్ధతి పెట్టారు. ప్రేక్షకులు గీత దాటి లోపలికి వస్తే ఆట ఆగుతుందని కూడా అప్పుడే చెప్పాలి, వచ్చినప్పుడు నిజంగా ఆపాలి.

గొడవ ముదురుతోందనిపిస్తే మొదట చేయవలసింది స్టంపులు పీకి స్కోరరు బల్ల దగ్గర పెట్టించడం. కోపంలో ఉన్న చేతికి అవే దొరుకుతాయి. చుట్టుముట్టినప్పుడు వాదించకూడదు, ఎవరినీ తోయకూడదు, వేలు చూపించకూడదు. రెండో అంపైరు దగ్గరికి, స్కోరరు దగ్గరికి నడవాలి. నిర్ణయాన్ని భయంతో మార్చకూడదు. ఒకసారి మారిస్తే వచ్చే వారం వచ్చే అంపైరుకు దెబ్బలు ఖాయం చేసినట్లే. అయితే నిజంగా పొరపాటు చేశానని తెలిస్తే, రెండో అంపైరును అడిగి సరిదిద్దుకోవడం పిరికితనం కాదు. ఈ రెంటికీ తేడా బయటివారికి కనిపించదు, అతని మనస్సాక్షికి మాత్రమే తెలుస్తుంది. తలకు దెబ్బ తగిలితే, ఎంత చిన్నదైనా, నొప్పి లేకపోయినా, ఇంటికి కాదు, ఆసుపత్రికి వెళ్ళాలి. అల్‌మేరలో ఆ తండ్రి ఇంటికి వెళ్ళి పడుకున్నారన్న విషయం మరచిపోకండి. జరిగినదంతా ఆ రాత్రే తేదీ, సమయం, సాక్షుల పేర్లతో కాగితం మీద రాసి నిర్వాహకులకు ఇవ్వాలి. అవసరమైతే పోలీసు స్టేషనుకు వెళ్ళాలి. చొక్కాను దాచకూడదు.

ఆట నియమాలు కూడా అతనికి అండగా ఉన్నాయని చాలామందికి తెలియదు. క్రికెట్ నియమాలను కాపాడే ఎం.సి.సి. 2017 అక్టోబరు 1 నుంచి అమల్లోకి తెచ్చిన నియమావళిలో 42వ నియమం ఆటగాళ్ళ ప్రవర్తన గురించే. అంతకుముందు క్రికెట్ నియమాల్లో ఆటగాణ్ణి బయటికి పంపే అధికారం అంపైరుకు లేదు. ఇప్పుడు దౌర్జన్యానికి దిగినవాణ్ణి మ్యాచ్ మొత్తానికి బయటికి పంపవచ్చు, ఎదుటి జట్టుకు ఐదు పరుగులు ఇవ్వవచ్చు. కెప్టెన్ అతణ్ణి పంపడానికి నిరాకరిస్తే మ్యాచ్‌నే ఎదుటివారికి ఇచ్చేయవచ్చు. ఇంగ్లండులో కింది స్థాయి ఫుట్‌బాల్‌లో రిఫరీతో దురుసుగా మాట్లాడినవాణ్ణి పది నిమిషాలు బయట కూర్చోబెట్టే పద్ధతిని 31 లీగుల్లో ప్రయోగించి చూస్తే అలాంటి ప్రవర్తన 38 శాతం తగ్గిందని అక్కడి ఫుట్‌బాల్ సంఘం ప్రకటించింది. 2019-20 సీజను నుంచి దానిని విస్తరించారు. పది నిమిషాలు మౌనంగా కూర్చోవడం! కోపం వచ్చినప్పుడు నిలబడి ఉంటే కూర్చోమని, అప్పటికీ పోకపోతే పడుకోమని నేర్పిన బోధన మన ఇళ్ళలో ఉంది. దానిని మనం మైదానానికి తీసుకెళ్ళలేదు, అంతే.

అంపైరు మీద కూడా ఒక బాధ్యత ఉంది. కోపంలో ఉన్న న్యాయమూర్తి ఇద్దరి మధ్య తీర్పు చెప్పరాదని హదీసులో ఉంది. తిట్టినవాడి మీద కసితో తర్వాతి ఓవర్లో వైడ్ ఇవ్వకపోతే, అతను కూడా ఆ క్షణంలో ఒక పక్షంవాడైపోతాడు. అవమానం తిన్న తర్వాత కూడా అవమానించినవాడికి రావలసిన పరుగును అతనికి ఇవ్వడం ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగమని మా అభిప్రాయం. దెబ్బ కంటే ఇది కష్టం.

మరి ఇంత బాధ పడి ఎందుకు వెళ్ళాలి? ఆ కుర్రాడు చెప్పిన జవాబు కంటే మంచి జవాబు మాకు దొరకలేదు. ఎవరో ఒకరు మధ్యలో నిలబడకపోతే బలం ఉన్నవాడి మాటే నియమమవుతుంది. 2009 మార్చి 3న లాహోర్‌లో శ్రీలంక జట్టు మీద ఉగ్రవాదులు దాడి చేసినప్పుడు అంపైర్ల వాహనంలో ఉన్న అహ్‌సన్ రజా తుపాకీ గుళ్ళు తగిలి తీవ్రంగా గాయపడ్డారు. అది ఆటలో వచ్చిన తగాదా కాదు, వేరే రకం క్రూరత్వం. అయినా ఆయన తిరిగి అంపైరింగుకు వచ్చారన్నది మనకు కావలసిన విషయం. 2023లో ప్రపంచ స్థాయి అంపైర్ల ఎలైట్ ప్యానెల్‌లో చోటు పొందారు. అలాంటి ధైర్యాన్ని చూసి గర్వపడవచ్చు. దానిని ప్రతి పిల్లవాడి నుంచీ వసూలు చేసే హక్కు మాత్రం మనకు లేదు. భద్రత లేని చోటికి వెళ్ళనన్నవాడు పిరికివాడు కాడు, దోషి కూడా కాడు. ఊరంతటి మీద ఉన్న బాధ్యతను ఒక్కడి భుజం మీద వేసి, అతను దించేసినప్పుడు అతణ్ణే తప్పుపట్టడం మన అలవాటు.

నాలుగు రోజుల తర్వాత మేము ఆ తల్లికి ఫోను చేసి, ఆరోజు తొందరపడి చెప్పామని ఒప్పుకున్నాము. మానిపించవద్దని కూడా చెప్పలేదు. "షరతులు పెట్టి వెళ్ళమనండి ఆపా. ఒప్పుకోకపోతే ఇంట్లో ఉండమనండి. ఒప్పుకుంటే మొదటి రోజు వాళ్ళ అబ్బాను కూడా వెంట వెళ్ళమనండి" అన్నాము. ఆమె కాసేపు మాట్లాడలేదు. "ఆయన వెళితే గొడవ పెద్దదవుతుందేమో భాయీసాబ్, ఆయనకు కోపమెక్కువ" అన్నారు. "కోపం ఇంట్లో పెట్టి వెళ్ళమనండి" అంటే నవ్వారు.

తండ్రీ కొడుకులు కూర్చుని ఒక నోటు పుస్తకం కాగితం మీద షరతులు రాశారట: ఇద్దరు అంపైర్లు, కెప్టెన్ ఒక్కడే మాట్లాడటం, గీత దాటితే ఆట ఆపడం, ప్రవేశ రుసుముతో బహుమతి ఉండకపోవడం. టోర్నమెంటువారు అది చదివి, ఈసారికి వేరేవారిని చూసుకుంటామన్నారు. ఆ ఆదివారం కుర్రాడు ఇంట్లోనే ఉన్నాడు. కాగితం మాత్రం వాళ్ళ అబ్బా జేబులోనే ఉందని, పక్క ఊరి టోర్నమెంటువారితో మాట్లాడటానికి ఆయనే వెళ్ళి వచ్చారని ఆపా నిన్న చెప్పారు.